కాటన్ దొరను మన పేటవాళ్లం ఎట్లా తలుచుకోవాలి?

(మే 15, కాటన్ జయంతి నాడు కోనసీమలోని ఒక దళితపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభ పెడుతున్నామని తెలిసిన కాడ్నించీ రెండు రకాల మాటలు వినపడుతున్నాయి. కుర్రాళ్లు కొందరు, "కాటన్ దొరతో మనకేం పనండీ? ఆయన రైతులకి దేవుడు. రైతులు దండలేసుకుంటారు. మనకి అంబేడ్కర్ ఉన్నాడు, చాలదా?" అంటున్నారు. ముసలివాళ్లు మాత్రం, "అట్లా అనకూడదయ్యా, ఆ దొర లేకపోతే ఈ లంకల్లో మనిషి బతికేవాడా? మన తాతలు గంజి తాగింది ఆయన చలవే" అంటున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఈ పూట దండ వేసి చేతులు దులుపుకోకుండా, ఆ మనిషి సంగతి మొదట్నించీ మాట్లాడుకుందాం. ఆయన ఏం చేశాడు, ఎవరి చేత చేయించాడు, ఫలితం ఎవరి గాదెలోకి పోయింది, ఇవాళ మనం అడగాల్సింది ఏంటి - ఈ నాలుగూ చెప్పి కూర్చుంటాను.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. ఆ ఇంట్లో పదో కొడుకు. పదిహేనో ఏట కంపెనీవారి మిలిటరీ బడిలో చేరి, పద్దెనిమిదేళ్లకి, 1821లో మద్రాసులో దిగాడు. కంపెనీ సిపాయిగానే దిగాడు, ఆ సంగతి మర్చిపోవద్దు. బర్మా మీద కంపెనీ చేసిన యుద్ధంలో పనిచేశాడు. ఆ తరువాత తంజావూరు వైపు పంపిస్తే కావేరి పాయ కొళ్లిడం మీద 1836 ప్రాంతంలో ఆనకట్టలు కట్టాడు. పేరొచ్చింది అక్కడే. ఆరోగ్యం చెడి టాస్మానియా దీవికి వెళ్లి, అక్కడే 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అనే ఆవిడను పెళ్లాడాడు. మరుసటేడు కూతురు పుట్టింది. తల్లి పేరే పిల్లకి పెట్టుకున్నారు. పెళ్లాం పిల్లలతో మళ్లీ ఈ దేశం వచ్చి, గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో కాపరం పెట్టాడు.

ఇంటిని ప్రేమించిన మనిషి అనే ఆయన్ను గురించి చెబుతారు. తాగుబోతు కాడు, లంచగొండి కాడు. దైవభక్తి ఉన్నవాడు. అన్నదమ్ముల్లో ఇంకా కొందరు ఇంజనీర్లే. 1860లో ఉద్యోగం నుంచి దిగి ఇంగ్లండు పోయాడు. మరుసటి సంవత్సరం సర్ బిరుదు ఇచ్చారు. 96 ఏళ్లు బతికి 1899 జూలైలో డోర్కింగ్ అనే ఊళ్లో కన్నుమూశాడు. ఆయన పోయిన మరుసటేడే, 1900లో, ఆ కూతురు - అప్పటికి లేడీ హోప్ అని పేరు - తండ్రి జీవితం మీద పెద్ద పుస్తకం అచ్చేయించింది. ఇవాళ కాటన్ గురించి మనం చెప్పుకునే కబుర్లలో చాలా వాటికి ఆ కూతురు రాసిన పుస్తకమే మూలం. ఈ కూతురి సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఇక ఆయన వచ్చేనాటికి ఈ దేశం ఎట్లా ఉంది? ఇవాళ పచ్చగా కనపడే ఈ గోదావరి జిల్లా అప్పుడు ఆకలి జిల్లా. 1832-33లో నందన కరువు వచ్చింది. దాన్నే డొక్కల కరువు అన్నారు. గుంటూరు వైపు ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకు పోయాయి. 1839లో కోరంగి ఉప్పెన వచ్చి తీరం మునిగింది. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల మంది జనం ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలు మిగిలారు. ఇరవై ఏళ్లలో పెరగాల్సిన జనం పోయి నాలుగో వంతు దాకా తగ్గారు! చచ్చినవాళ్లు చచ్చారు, కాళ్లు ఉన్నవాళ్లు వలస పోయారు. గింజ నిలవ లేనివాడు, అప్పు పుట్టనివాడు, చెరువు ముట్టనివ్వని వాడు - కరువులో ముందుగా పోయేది వాళ్లే గదా. ఆ లెక్కల్లో మాలలు ఎంతమంది, మాదిగలు ఎంతమంది అని ఏ కలెక్టరూ విడిగా రాయలేదు. కాని పూరి గుడిసెలో మన తాతల తాతలే ముందు పోయారని చెప్పడానికి కలెక్టరు కాయితం అక్కర్లేదు.

పక్కనే గోదావరి పారుతూంది. వరదొస్తే ముంచుతుంది, పోతే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డునున్న మనిషి దాహంతో చస్తాడు. కాటన్ 1844లో, 1845లో గవర్నమెంటుకి రిపోర్టులు రాశాడు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వితే ఈ డెల్టా అంతా పంట నేల అవుతుందన్నాడు. కంపెనీ దయతో ఒప్పుకుందని ఎవరూ అనుకోవద్దు. శిస్తు పడిపోయింది కాబట్టి ఒప్పుకుంది. పంట పెరిగితే శిస్తు పెరుగుతుందని లెక్క వేసుకుంది. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది.

ఆ పని ఎట్లాంటిదో కుర్రాళ్లకి చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర ఏరు లంకలతో కలిపి నాలుగు మైళ్ల వెడల్పు. కింద రాయి లేదు, ఇసకే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం - నాలుగు ముక్కలుగా ఆనకట్ట. మొత్తం కట్టడం పన్నెండు వేల అడుగుల పొడవు. ఇసక మీద పునాది నిలబెట్టే విద్య ఆయనకి ఇంగ్లండు బడిలో రాలేదు. చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను తంజావూరులో చూసి నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. అంటే ఏంటి? పేరూ ఊరూ లేని కట్టుబడి పనివాళ్లు, వందల ఏళ్ల కిందట ఈ దేశంలో ఇసకలో రాయి దించి నీళ్లను ఆపిన పనివాళ్లు, ఆ తెల్ల ఇంజనీరుకి గురువులు. మనకి చదువు లేదంటారే, ఆ విద్య ఎవడి చేతుల్లో దాగి ఉంది?

ధవళేశ్వరం కొండని పగలగొట్టి రాయి తెచ్చారు. సున్నం గానుగలు ఆడించారు. పై అడవుల నుంచి కలప ఏట్లో వదిలి తెచ్చారు. వేల మంది కూలీలు ఎండాకాలం ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు పని, వరదొస్తే పరుగు. ఆ ఎండకి కాటన్‌కే జబ్బు చేసి 1848లో సెలవు మీద పోవాల్సి వచ్చింది. అప్పుడు కెప్టెన్ ఓర్ అనే ఆయన పని నడిపించాడు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు. సెలవు మంచిదే, మనిషన్నవాడికి జబ్బు చేస్తుంది. నేనడిగేది ఒకటే. రాయి కొట్టిన వొడ్డెరవాడికి ఎండ దెబ్బ తగిలితే సెలవెవరిచ్చారు? తట్ట మోసిన మాల ఆడకూతురికి పురుడొస్తే ఎవరు చూశారు? మాదిగ కుర్రాడు బండ కింద పడితే ఆ ఇంటికి ఎవరు వెళ్లారు? కాటన్‌కి ఇల్లు ఉంది, ఇల్లాలు ఉంది, బిడ్డలున్నారు. ఆ కూలీలకీ ఇల్లాళ్లున్నారు, బిడ్డలున్నారు. ఇసక తిన్నెల మీద పాక వేసుకుని, చెట్టు కొమ్మకి ఉయ్యాల కట్టి, పసిపిల్లను నిద్రపుచ్చి తట్ట ఎత్తుకోవడం ఇవాళ్టికీ మన ఆడవాళ్లు చేస్తూనే ఉన్నారు, నూట డెబ్బై ఏళ్ల కింద వేరే రకంగా ఉంటుందా?

ఇంకో మాట. చట్టంలో బానిసత్వం చెల్లదని 1843లో ఐదో చట్టం వచ్చింది. ఆనకట్ట పని మొదలవడానికి నాలుగేళ్ల ముందు. కాయితం మీద మన తాతలు స్వేచ్ఛ పొందారు. ఊళ్లో మాత్రం పాలేరుతనం పాలేరుతనంగానే ఉంది. అదే సమయాన 1836 నుంచి బౌడెన్, బీర్ అనే పాస్టర్లు నర్సాపురం, పాలకొల్లు వైపు మకాం వేసి వాక్యం చెబుతున్నారు. తరవాత్తరవాత మన పేటల్లో బడి, పలక, అక్షరం వచ్చిన దారి అదే. మన పేటల చరిత్ర ఇట్లా ఒక పక్క బైబిలూ, ఒక పక్క కాలవా, మధ్యలో పాలేరుతనం.

కాలవలొచ్చాయి. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా. ఇవాళ పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. 1876-78లో దక్షిణ దేశమంతా కరువుతో మాడిపోయినప్పుడు గోదావరి, కృష్ణా డెల్టాలు నిలబడ్డాయి. ఆ రోజుల్లో కాటన్ ఇంగ్లండులో తన సొంత గవర్నమెంటుతోనే తగాదా పడ్డాడు. రైళ్ల మీద పోసే డబ్బు కాలవల మీద పోయండి, జనం బతుకుతారు అన్నాడు. 1878లో వాళ్ల పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి ఆయన్ను ప్రశ్నలతో పొడిచారు. అయినా మాట మార్చలేదు. ఈ ఒక్క సంగతికి నేను దణ్ణం పెడతాను. సర్కారు కూడు తింటూ సర్కారు తప్పుని తప్పని చెప్పిన ఉద్యోగి ఏ కాలంలోనైనా తక్కువే.

అయితే నీళ్లు ఎక్కడికి పోయాయి? నీళ్లు పల్లానికి పోతాయంటారు. మన దేశంలో పట్టా ఉన్నవాడి చేలోకి పోతాయి. కాటన్ దొర ఎకరాలు కొలిచాడు, అడుగులు కొలిచాడు, ఏటి వాలు కొలిచాడు. ఆ ఎకరం ఎవరిది, దాన్ని దున్నేవాడెవడు అనే కొలత ఆయన గొలుసులో లేదు. పట్టాలు రాసినప్పుడు పొలం మీద పెత్తనం ఉన్నవాడి పేరు ఎక్కింది, పొలంలో నడుం వంచినవాడి పేరు ఎక్కలేదు. 1865లో నీటి శిస్తు చట్టం వచ్చింది. శిస్తు సర్కారుకి, పంట భూస్వామికి, ఊడ్పులూ కోతలూ కలుపులూ మనకి. సార్వా ఒక్కటే కాక దాళ్వా కూడా వచ్చింది. దాంతో భూస్వామికి రెండో గాదె వచ్చింది, మన ఆడాళ్లకి రెండోసారి బురదలో వంగోడం వచ్చింది.

ఆ ధాన్యం పడవల మీద కాకినాడ రేవుకి పోయింది. మిల్లులొచ్చాయి, మేడలొచ్చాయి. కొడుకులు మద్రాసు చదువులకి పోయారు. ఆ డబ్బే తరువాత కాంట్రాక్టులైంది, సినిమాలైంది, పేపర్లైంది, అసెంబ్లీ సీట్లైంది, అమెరికా విమానం టిక్కెట్టైంది. ఒకే ఆనకట్ట నీళ్లు. ఒక ఇంటిని లండన్ దాకా తీసుకెళ్లాయి, ఇంకో ఇంటిని కాలవ గట్టు దాటనివ్వలేదు.

అందుకే మన రాజమండ్రి బిడ్డ కుసుమ ధర్మన్న గారు, గరిమెళ్ల వారు తెల్లదొరతనం వద్దని పాట కడితే, 'మాకొద్దీ నల్లదొరతనం' అని తిరగేసి పుస్తకం వేశారు. తెల్లదొర కాలవ తవ్వించాడు, నల్లదొర తూము దగ్గర కూర్చున్నాడు. తూము దగ్గర కూర్చున్నవాడే మన దొర.

నీళ్ల దగ్గర మనకేం జరిగిందో చెప్పుకోకుండా కాటన్ జయంతి చేయడం మనకి తగదు. కారంచేడులో 1985 జూలైలో ఏం జరిగింది? మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర అగ్రకులపు కుర్రాళ్లు గేదెల్ని కడుగుతుంటే, ఇదేంటని అడిగినందుకు కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, జూలై 17న, ఊరు ఊరంతా పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. చీరాలలో శిబిరం వెలిసింది, ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. మన ఉద్యమం పుట్టింది ఒక బిందె నీళ్ల దగ్గర.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. కాటన్ తరువాత ఓర్ దొర బెజవాడ దగ్గర 1855లో పూర్తి చేసిన కృష్ణా ఆనకట్ట వల్ల పచ్చబడ్డ సీమ అది. పంటకని తవ్విన కాలవల సీమలో మన బిడ్డల శవాలు నీళ్లలో తేలాయి. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు వాళ్లను వదిలేసింది. కాలవ పచ్చదనం గురించి పాటలు కట్టేవాళ్లు ఈ సంగతి కూడా పాటలో పెట్టాలి.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. అంబేడ్కర్ అంటే రాజ్యాంగం అని మాత్రమే మనకి చెప్పారు. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. నీటిపారుదల, కరెంటు ఆయన చేతి కింద ఉండేవి. దామోదర్ లోయ పథకం ఆయన కాలంలో రూపం కట్టింది. 1945లో దేశం మొత్తానికి నదుల పని చూసే కేంద్ర కమిషను ఆయన హయాంలో ఏర్పడింది. 1945 నవంబరు 8న కటకంలో ఒరిస్సా నదుల మీద సభ జరిగితే ఆయనే అధ్యక్షుడు. వరదను గట్లు కట్టి తోసేయడం కాదు, నిలవ పెట్టి పొలానికీ కరెంటుకీ పడవలకీ వాడుకోవాలి అని అక్కడ వాదించాడు. హిరాకుడ్ ఆనకట్టకి దారి అట్లా పడింది.

ఇక్కడ తమాషా చూడండి. అదే మహానది మీద 1858లో రిపోర్టు రాసింది ఎవరు? కాటన్. ఆయన రాసిపోయిన 87 ఏళ్లకి అదే నది గురించి మాట్లాడడానికి ఒక మహారు బిడ్డ, మహాడ్ చెరువులో దోసెడు నీళ్లు తాగినందుకు 1927లో దెబ్బలు తిన్న జనానికి నాయకుడు, దేశపు నీటి పెద్దగా కటకం వచ్చాడు. కాటన్ తరువాత ఈ దేశం నదుల గురించి అంత దూరం ఆలోచించిన వాళ్లలో బాబాసాహెబ్ ఒకడు. ఈ మాట మన బడి పుస్తకాల్లో ఉందా? కాలవ ఆఫీసుల గోడల మీద ఆయన పటం ఉందా?

మరి ఇదే కోనసీమలో ఏమైంది? 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ అంబేడ్కర్ పేరు పెడతామని సర్కారు ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురంలో ఏం చేశారో మీరు కళ్లారా చూశారు. మంత్రి ఇల్లు కాలింది, ఎమ్మెల్యే ఇల్లు కాలింది, బస్సులు కాలాయి. చివరికి ఆ పేరే నిలబడింది, మన జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లానే.

నేను అడిగేదల్లా ఇదే. ధవళేశ్వరం దగ్గర 1982లో తయారైన కొత్త బ్యారేజికి కాటన్ పేరు పెట్టారు. ఊరూరా ఆయన విగ్రహం, గుర్రం మీద ఆయన, టోపీతో ఆయన. స్నానం చేసేటప్పుడు ఆయన్ను భగీరథుడని సంస్కృతంలో శ్లోకం కట్టి చదువుకున్న పండితులున్నారు. ఆయన ఈ దేశం వాడు కాడు, వాళ్ల మతం వాడు కాడు, గొడ్డు మాంసం తినే సీమవాడు. అయినా ఎవరికీ మైల కాలేదు. బాబాసాహెబ్ ఈ దేశం బిడ్డ, దేశపు నదులకి ప్లాను గీయించినవాడు, ఓటు ఇచ్చినవాడు. ఆయన పేరు పెడతామంటే నిప్పంటుకుంది. తెల్లవాడి పేరుతో తమ పొలానికి నీళ్లొచ్చాయి, తమ పెత్తనం తమకి ఉంది. అంబేడ్కర్ పేరొస్తే పక్కన కూలివాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడని భయం. ఆ భయం నిజమే, వాళ్లు మనకంటే ముందే గ్రహించారు. మనం కాటన్ విగ్రహం తీసేయమని అడగటం లేదు. ఆ పక్కన నీటి మెంబరు అంబేడ్కర్ విగ్రహం పెట్టండి, కింద ఈ సంవత్సరాలన్నీ చెక్కించండి అంటున్నాం.

ఇప్పుడు ఆ కూతురి సంగతి. కాటన్ పోగానే కూతురు పుస్తకం రాసింది కాబట్టి ఆయన ఏ రోజున ఏం చేశాడో నూట ఇరవై ఏళ్ల తరవాత కూడా తెలుస్తూంది. మన ఇళ్లలో? తాత లాకుల దగ్గర పనిచేశాడంటారు, ఏ లాకులో తెలియదు. అమ్మమ్మ ఏటిగట్టు మట్టి మోసిందంటారు, ఏ వరదకో తెలియదు. లస్కరుగా ముప్పై ఏళ్లు రాత్రీ పగలూ గట్టు తిరిగి తూములు కాపలా కాసినవాడి పేరు ఆఫీసు మస్టరులో తప్ప ఎక్కడా లేదు, మస్టరు చెదలు తినేసింది. మనకి ఇంటిని ప్రేమించిన తండ్రులు లేరా? తాను పస్తుండి పిల్లకి ఫీజు కట్టిన తండ్రి, జీతం రాగానే తల్లి మందులకీ చెల్లెలి పెళ్లికీ తమ్ముడి చదువుకీ పంచి తనకి చొక్కా కొనుక్కోని కొడుకు, ప్రతి పేటలో ఉన్నారు. వాళ్ల గురించి రాసేవాళ్లు లేరు, అంతే. లేడీ హోప్‌కి కలం ఉంది, తీరిక ఉంది, అచ్చేసేవాడున్నాడు. మన ఆడపిల్లలకి ఇప్పుడు కలం వచ్చింది. తీరిక మనం కల్పించాలి. అచ్చుకి ఈ పత్రికే ఉంది.

అందుకని చేయాల్సిన పనులు నాలుగు చెబుతాను, రాసుకోండి.

మొదటిది, పేర్లు. ప్రతి పేటలో డెబ్బై దాటిన వాళ్ల దగ్గర కూర్చుని కాలవ పని, గట్టు పని, లాకు పని చేసిన వాళ్ల పేర్లు రాయాలి. ఏ కాలవ, ఏ ఏడు, ఎంత కూలి, ఎవరు మేస్త్రీ. ఆడవాళ్ల పేర్లు ముందు రాయాలి, ఎందుకంటే వాళ్లవి మస్టర్లో కూడా మొగుడి పేరుతోనే ఉంటాయి.

రెండోది, నీటి మీద మాట. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. రైతులే కాలవల్ని చూసుకుంటారన్నారు. ఓటు ఎవరికి? రికార్డుల్లో పేరున్న భూమిదారుకి. కౌలుకి చేసే మనవాడి పేరు రికార్డులో ఎక్కదు, కూలికి పోయే ఆడమనిషికి అసలు లెక్కే లేదు. కౌలుదార్ల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలంటాడు, యజమాని సంతకం పెట్టడు. అదే 2011లో కోనసీమలో గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించారు. వాళ్ల కష్టం వాళ్లది, నేను కాదనను. కాని ఆ సార్వాలో ఊడ్పుల కూలి పోయిన మన ఆడవాళ్లని ఒక్క నాయకుడైనా అడిగాడా, మీరేం తిన్నారని? కాలవ కట్టేసే రోజు, వదిలే రోజు, పేట చెరువు నింపే రోజు - ఈ మూడూ తేల్చే చోట పేట మనిషి కూర్చోవాలి. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు ఊరి చెరువు నింపి పేట చెరువుని వదిలేస్తే, బిందెలతో ఆఫీసు ముందు కూర్చోండి. సువార్తమ్మ చూపించిన దారి అది.

మూడోది, గట్టు మీద ఇళ్లు. కాలవ గట్ల మీద, డ్రైన్ల పక్కన రెండు మూడు తరాలుగా మనవాళ్లు ఉంటున్నారు. వెడల్పు పని అనీ, ఆక్రమణ అనీ నోటీసులిస్తారు. అదే డ్రైన్ని రొయ్యల చెరువులవాళ్లు పూడ్చినా, ఉప్పు నీళ్లు వదిలినా నోటీసు కనపడదు. ముందు వేరే చోట స్థలం, పట్టా, ఆ తరవాతే గుడిసె ముట్టుకోవాలి. పైన పోలవరం దగ్గర ఇదే గోదావరి కోసం కోయలూ కొండరెడ్లూ దళితులూ ఊళ్లు వదలాల్సి వచ్చింది. ఆనకట్ట కట్టిన ప్రతిసారీ పోయేది మన గుడిసె అయితే, ఆ లెక్క ఇంజనీరు ప్లానులో మొదటి పేజీలో ఉండాలి.

నాలుగోది, మన పిల్లలు ఇంజనీర్లు కావాలి. బాబాసాహెబ్ కౌన్సిల్లో ఉండగానే 1943లో కేంద్ర ఉద్యోగాల్లో మనకి 8.33 శాతం వచ్చింది, 1946లో అది 12.5 అయింది. మెట్రిక్ తరవాత చదువుకి స్కాలర్‌షిప్పులు 1944లో ఆ కాలంలోనే మొదలయ్యాయి. 1946లో విశాఖలో పెట్టి తరవాత కాకినాడ తెచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ మనకి బస్సు దూరంలో ఉంది. ఇంజనీరింగ్ అంటే హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చోవడమే అని పిల్లలకి చెప్పకండి. నీటిపారుదల శాఖలో ఏఈగా వచ్చి, ధవళేశ్వరం ఆఫీసులో కూర్చుని, పేట చెరువుకి తూము ఎక్కడ పెట్టాలో గీత గీసే పిల్ల మనకి కావాలి. ఆ పిల్ల ఉద్యోగంలోకి వచ్చాక పేటని మర్చిపోతే ఆ గీత మళ్లీ పట్టాదారు చేలోకే పోతుంది. ఉద్యోగస్తులైన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మనవి: ఇంటిని చూసుకోండి, అది ధర్మం. నెలకి ఒక ఆదివారం పేటకి ఇవ్వండి. పిల్లలకి లెక్కలు చెప్పండి. సమాచార హక్కు కింద కాలవ పనుల బిల్లులు ఎట్లా అడగాలో నేర్పండి.

ఇదీ కాటన్ దొరను మనం తలుచుకోవాల్సిన పద్ధతి. ఆయన పని గొప్పది. తన సర్కారుతో తగాదా పడ్డ ధైర్యం గొప్పది. ఆ మెచ్చుకోలు మనం దాచుకోనక్కర్లేదు. ఆయన నీళ్లను పొలం దాకా తెచ్చాడు. పొలం నుంచి పేట దాకా తేవాల్సిన పని ఆయన చేయలేదు, ఆ తరవాత వచ్చిన నల్లదొరలూ చేయలేదు. అది మన చేతుల్లోనే అవ్వాలి. ఆనకట్టకి రాయి మోసిన చేతులకి అది అసాధ్యమేం కాదు.

వచ్చే నెల కాలవలకి నీళ్లు వదిలేలోగా ప్రతి పేట నుంచి పేర్ల కాయితం, చెరువు నింపమనే అర్జీ రెండూ తయారవ్వాలి. అర్జీ మీద కనీసం సగం సంతకాలు ఆడవాళ్లవి ఉండాలి. పేర్ల కాయితాలు పత్రికకి పంపితే వరసగా వేస్తాం.

జై భీమ్!